నిప్పు లేనిదే పొగ రాదని ఎవరు చూశారు?

ఎవరి మీదైనా పుకారు లేచిందంటే చాలు, "నిప్పు లేనిదే పొగ రాదుగా" అనేసి విచారణ ముగించేస్తాం. పుకార్ల సంగతి అటుంచి, ఆ సామెతను ఉన్నదున్నట్టు తీసుకుని ఒక్క ప్రశ్న వేస్తే మాత్రం మహా పండితులే తడుముకున్నారు. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందని మనకెలా తెలుసు? వంటింట్లో చూశాం, ఇటుక బట్టీల దగ్గర చూశాం, కోతలయ్యాక చేలల్లో గడ్డి తగలబెడుతుంటే చూశాం. అన్నీ కలిపినా లెక్కకు అందేవే. వెయ్యేళ్ల కిందట లేచిన పొగను మనం చూడలేదు. రేపు లేవబోయే పొగను ఎవరూ చూడలేదు. మరి "ప్రతిచోటా" అని ఏ ధైర్యంతో అంటున్నాం?

ఈ ప్రశ్న వేసింది చార్వాకులు, కంటికి కనబడేదే ప్రమాణమన్న పాతకాలపు మన భౌతికవాదులు. వాళ్ల గ్రంథాలు దాదాపుగా ఏవీ మిగల్లేదు. వాళ్ల వాదన మనకు తెలిసేది ఎక్కువగా ప్రత్యర్థుల పుస్తకాల్లోంచే. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహం మొదటి అధ్యాయంలోనే దాన్ని పెట్టాడు. కంటికి కనబడేది ఇప్పుడు, ఇక్కడ ఉన్నది మాత్రమే. కనబడనివాటికీ అదే నియమం వర్తిస్తుందని చెప్పాలంటే ఊహించాలి. ఆ ఊహ సరైనదేనని చెప్పడానికి ఇంకో ఊహ కావాలి. స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1739లో, మళ్లీ 1748లో, తన దారిన తాను ఇదే చోటికి చేరాడు. రేపు సూర్యుడు ఉదయించడు అంటే అందులో తర్కానికి విరుద్ధమైనది ఏమీ లేదన్నాడు. ఇన్నాళ్లూ ఉదయించాడు కాబట్టి రేపూ ఉదయిస్తాడనుకోవడం మనకు అలవాటైపోయింది, అంతే.

మనిషికి ఏదైనా నిశ్చయంగా తెలుస్తుందా అని అడిగినప్పుడు నిజానికి రెండు ప్రశ్నలు ఒకేసారి అడుగుతున్నాం. మనకు ఏమైనా తెలుసా అన్నది ఒకటి. తెలిసిందనుకున్నదాంట్లో పొరపాటుకు ఆస్కారమే లేదని చెప్పగలమా అన్నది రెండోది. రెండోదానికి "చెప్పలేం" అన్నది జవాబైతే, మొదటిదానికీ "తెలియదు" అనే చెప్పాలని చాలామంది అనుకుంటారు. చార్వాకులూ అలాగే అనుకున్నారు, ఈరోజు సోషల్ మీడియాలో "ఏదీ నిజం కాదు బ్రదర్" అని తేల్చేసేవాళ్లూ అలాగే అనుకుంటారు. నాకు చిక్కంతా ఇక్కడే కనిపిస్తుంది. ఈ రెంటినీ విడదీసే పని మన తార్కికులు చాలా ఓపిగ్గా చేశారు.

వాళ్లలో ఒకడు తెలుగువాడే. 17వ శతాబ్దపు అన్నంభట్టు. "కాశీ గమన మాత్రేణ నాన్నంభట్టాయతే ద్విజః" అని ఆయన మీద ఒక నానుడి ఉంది. కాశీకి వెళ్లొచ్చినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని. ఆయన రాసిన తర్కసంగ్రహం చిన్న పుస్తకం, తర్కశాస్త్రం చదవాలనుకునే వాళ్లకు ఇప్పటికీ మొదటి పాఠం. అందులో పొగ, నిప్పు ఉదాహరణ ప్రతి మలుపులోనూ తగులుతుంది. పొగను బట్టి నిప్పును ఊహించవచ్చు గానీ నిప్పును బట్టి పొగను ఊహించకూడదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే పచ్చి కట్టె తోడవ్వాలి.

ఆ పుస్తకానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో అన్నంభట్టు చార్వాకుడి ప్రశ్నను నేరుగా ఎదుర్కొంటాడు. పదే పదే చూడటం వల్లే నియమం తెలుస్తుందా? తెలియదంటాడు. మట్టికి సంబంధించిన వస్తువులన్నిటి మీదా ఇనుముతో గీత గీయవచ్చని వందసార్లు చూసి ఉంటాం, వజ్రం దగ్గరికి వచ్చేసరికి అది తప్పిపోతుంది. హంసలన్నీ తెల్లవేనని నమ్మిన యూరప్ వాళ్లకు 1697లో పశ్చిమ ఆస్ట్రేలియాలో నల్ల హంసలు కనబడటం కూడా ఇలాంటిదే. మరి నియమం ఎలా తెలుస్తుంది? రెండూ కలిసి ఉండటం చూడాలి, నిప్పు లేకుండా పొగ ఉన్న సందర్భం ఏదీ తెలిసి ఉండకూడదు. "అలాంటి సందర్భం ఉందేమో" అనే శంక వస్తే దాన్ని కొన్నిచోట్ల తర్కం తీరుస్తుంది. కొన్నిచోట్ల అసలు ఆ శంకే రాదు. ఈ చివరి మాట వినడానికి తప్పించుకున్నట్టుగా ఉంటుంది. శంక రాకపోవడం కూడా ఒక ఆధారమేనా? దీని వెనుక ఏడెనిమిది వందల ఏళ్ల గొడవ ఉంది. దాని దగ్గరికి వెళ్లే ముందు ఇంకో అడ్డంకి దాటాలి.

ఆ అడ్డంకి పెట్టినవాడు బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడు, మన నాగార్జునకొండకు ఎవరి పేరు ఉందో ఆయన. నిజాన్ని కొలవడానికి మీ దగ్గర ప్రమాణాలు ఉన్నాయంటున్నారు కదా, ఆ ప్రమాణాలు సరైనవని ఏ ప్రమాణంతో కొలిచారు అని అడిగాడు. ఇంకో ప్రమాణంతో అంటే దానికి అంతే ఉండదు. వాటంతట అవే సరైనవి అంటే, మిగతావాటికి ఆధారం అడుగుతూ వీటిని మాత్రం ఎందుకు వదిలేశారో చెప్పాలి. ఒకదాన్నొకటి నిలబెట్టుకుంటాయి అంటే, కొడుకు తండ్రిని కన్నాడు, తండ్రి కొడుకును కన్నాడు అన్నట్టు ఉంటుంది. గ్రీకు సంశయవాదులు కూడా ఇంచుమించు ఇవే మూడు దారులు చూపించి మూడూ మూసుకుపోయాయన్నారు.

మన తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాల్లో దీనికి ఒక చక్కటి జవాబు ఉంది, త్రాసు ఉదాహరణతో. బంగారాన్ని తూచేది త్రాసు. ఆ త్రాసు మీద అనుమానం వస్తే, బరువు తెలిసిన బంగారాన్ని వేసి త్రాసునే పరీక్షిస్తాం. కొలిచేదీ అదే, కొలతకు గురయ్యేదీ అదే, ఒకేసారి మాత్రం కాదు. ప్రతిదాన్నీ పరీక్షించవచ్చు. అన్నిటినీ ఒకేసారి అనుమానించి పరీక్షించడం మాత్రం కుదరదు, ఎందుకంటే పరీక్షించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. నీళ్లు కనబడితే వెళ్లి తాగుతాం. దాహం తీరితే చూసింది నీళ్లేనని అప్పుడు రూఢి అవుతుంది. తాగకముందే రూఢి కావాలని ఎవరూ పట్టుబట్టరు.

వేదాన్ని సమర్థించే మీమాంసకులు దీన్ని ఒప్పుకోలేదు. దాహం తీరిందన్న జ్ఞానం మాత్రం సరైనదని ఎలా తెలుసు, దానికి ఇంకో పరీక్ష కావాలి కదా అని నిలదీశారు. 7వ శతాబ్దపు కుమారిలభట్టు దారి వేరు. కలిగిన ప్రతి జ్ఞానాన్నీ మొదట నమ్మాల్సిందే. దాన్ని కొట్టేసే ఇంకో జ్ఞానం వచ్చినప్పుడు, లేదా అది పుట్టిన తీరులోనే లోపం బయటపడ్డప్పుడు వదులుకోవాలి. రుజువు చేయాల్సిన భారం నమ్మేవాడి మీద పెట్టాడు నైయాయికుడు, అంటే న్యాయసూత్రాల దారిలో నడిచే తార్కికుడు; అనుమానించేవాడి మీద పెట్టాడు మీమాంసకుడు. వేదాన్ని నిలబెట్టడానికి ఈ సిద్ధాంతం ఎంత అనుకూలమో చెప్పనక్కర్లేదు, దాని మీద నాకున్న జంకు అదే. కానీ రోజువారీ బతుకులో మనందరం మీమాంసకులమే. ఆటోవాడు "ఈ రోడ్డు మూసేశారండీ" అంటే ఆధారం అడగం.

పొరపాటుకు అస్సలు తావులేని విషయం ఒక్కటీ లేదా అంటే, ఉంది. 1641లో రెనె డెకార్ట్ ఆలోచన చాలామందికి తెలిసిందే. ఇదంతా కలేమో, ఏదో మాయావి నన్ను ప్రతి విషయంలోనూ మోసం చేస్తున్నాడేమో అనుకున్నా, మోసపోవడానికైనా నేను ఉండాలి కదా. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే, డెకార్ట్‌కు వందల ఏళ్ల ముందే, "నేను లేను" అని ఎవడూ అనుకోడు అన్నారు. ఇద్దరూ అక్కణ్నుంచి వెళ్లిన దారులు వేరు. అయితే బౌద్ధులను అడిగితే ఇంత కూడా ఇవ్వరు. ఆలోచన జరుగుతోంది సరే, ఆలోచించే "నేను" ఎక్కడ కనిపించాడు అంటారు. వాళ్లతో వాదనలో గెలిచినా చేతికి దక్కేది చాలా తక్కువ. నేనున్నాను అన్న నిశ్చయం నుంచి బియ్యం ధర కూడా తెలియదు.

లెక్కలు మాత్రం నిశ్చయమే కదా అంటారు. గణితంలో రుజువు సరిగ్గా ఉంటే నిశ్చయమే. అది సరిగ్గా ఉందని చూసే కళ్లు మాత్రం మనవే. ఏ పటానికైనా, పక్కపక్క ప్రాంతాలకు ఒకే రంగు రాకుండా వేయడానికి నాలుగు రంగులు చాలని 1879లో ఆల్‌ఫ్రెడ్ కెంపె రుజువు చేశాడు. గణితజ్ఞులు ఒప్పుకున్నారు. 1890లో పెర్సీ హీవుడ్ అందులో తప్పు పట్టుకునేదాకా పదకొండేళ్లు అది రుజువే. సిద్ధాంతం నిజమేనని 1976లో కంప్యూటర్ సాయంతో తేలింది. అప్పుడు మళ్లీ కంప్యూటర్‌ను నమ్మాలా వద్దా అన్న పేచీ మొదలైంది. ఇక 1931 నాటి గోడెల్ సిద్ధాంతాన్ని "గణితంలో కూడా ఏదీ నిశ్చయం కాదని రుజువైంది" అని వాడేవాళ్లు దాన్ని చదవనివాళ్లే. ఒక నిర్ణీత నియమావళిలో చేయగలిగే రుజువులకు హద్దు ఉందని అది చెబుతుంది. అలా చెప్పడం కూడా పక్కా రుజువుతోనే.

పొరపాటు పడే మార్గం ద్వారా నిజమైన జ్ఞానం రాగలదా? నాకు దొరికిన ఉదాహరణల్లో లె వెరియెర్ కథకు సాటి లేదు. యురేనస్ గ్రహం న్యూటన్ లెక్క ప్రకారం ఉండాల్సిన చోట ఉండటం లేదు. న్యూటన్ తప్పా? పారిస్‌లో ఉర్బెన్ లె వెరియెర్, న్యూటన్ సరైనవాడే, కనబడని ఇంకో గ్రహం లాగుతోంది అనుకుని అది ఎక్కడ ఉండాలో కాగితం మీద లెక్కగట్టాడు. 1846 సెప్టెంబర్ 23 రాత్రి బెర్లిన్‌లో యోహాన్ గాలె టెలిస్కోప్ తిప్పి చూస్తే, చెప్పిన చోటికి ఒక్క డిగ్రీ లోపే నెప్ట్యూన్ కనిపించింది. మానవ బుద్ధికి ఇంతకు మించిన విజయం ఉండదని యూరప్ అంతా పొంగిపోయింది.

తర్వాత బుధ గ్రహం వచ్చింది. దాని కక్ష్య కూడా శతాబ్దానికి ఒక పిసరు ఎక్కువగా తిరుగుతోంది. 1859లో అదే మనిషి, అదే పద్ధతి, అదే ధీమా. సూర్యుడికీ బుధుడికీ మధ్య ఏదో తెలియని పదార్థం ఉండాలన్నాడు. సూర్యబింబం మీదుగా ఒక నల్లచుక్క దాటడం చూశానని ఒక పల్లెటూరి డాక్టరు చెప్పాడు. లె వెరియెర్ స్వయంగా వెళ్లి అతన్ని ప్రశ్నించి నమ్మాడు. ఆ గ్రహానికి వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు. చూశామన్నవాళ్లు ఇంకొందరు తేలారు. 1877లో చనిపోయేదాకా ఆయన ఆ నమ్మకం వదల్లేదు. వల్కన్ అనే గ్రహం మాత్రం లేదు. తేడా న్యూటన్ సిద్ధాంతంలోనే ఉంది. శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్ల ఆ తేడా, అంటే డిగ్రీలో ఎనభయ్యో వంతుకన్నా తక్కువ, 1915 నవంబరులో ఐన్‌స్టీన్ కొత్త సమీకరణాల నుంచి సరిగ్గా బయటికొచ్చింది.

వల్కన్ విషయంలో ఆ పద్ధతి మోసం చేసింది కాబట్టి నెప్ట్యూన్ కూడా లె వెరియెర్‌కు "తెలియదు" అనాలా? గాలె చూడకముందు అది మంచి ఊహ, చూశాక జ్ఞానం అని నేనంటాను. లె వెరియెర్ మనసులోని నిశ్చయం రెండు సందర్భాల్లోనూ ఒక్కటే. కాబట్టి ఎంత గట్టిగా నమ్ముతున్నాం అన్నది జ్ఞానానికి గుర్తు కానే కాదు. ఉన్నదాన్ని ఉన్నట్టుగా పట్టుకుంటేనే అది యథార్థం అని తర్కసంగ్రహం చెప్పేది ఇందుకే. అందులో నమ్మేవాడి ధీమా గురించి ఒక్క ముక్క లేదు.

అయితే నిజాన్ని పట్టుకుంటే చాలా? చాలదని 8వ శతాబ్దంలో ధర్మోత్తరుడు అనే బౌద్ధ తార్కికుడు చూపించాడు. ఎవరో మాంసం కాల్చుకోవడానికి అప్పుడే నిప్పు రాజేశారు. పొగ ఇంకా లేవలేదు. మాంసం వాసనకు పురుగులు ముసిరాయి. దూరం నుంచి చూసినవాడు ఆ గుంపును పొగ అనుకుని "అక్కడ నిప్పు ఉంది" అన్నాడు. నిప్పు ఉన్న మాట నిజమే. కానీ వాడికి తెలిసిందా? 1963లో ఎడ్మండ్ గెటియర్ మూడు పేజీల వ్యాసంలో ఇలాంటి ఉదాహరణలే ఇచ్చి, ఆధారం ఉన్న నిజమైన నమ్మకమే జ్ఞానం అన్న నిర్వచనాన్ని కుదిపేశాడు. ఆ గొడవ ఇంకా తేలలేదు.

ఇక శంక రాకపోవడం గురించిన పాత పేచీ. 10వ శతాబ్దపు నైయాయికుడు ఉదయనుడు చార్వాకుడికి ఒక శ్లోకంలో జవాబిచ్చాడు. వేరే చోట, వేరే కాలంలో నిప్పు లేని పొగ ఉందేమో అంటున్నావు. ఆ వేరే చోటు, వేరే కాలం ఉన్నాయని నీకెలా తెలుసు? ఊహించే కదా! అంటే శంక ఉందంటేనే ఊహను ఒప్పుకున్నట్టు. శంక లేదంటే మరీ మంచిది. నీ శంక నీ పనినే కాదనే చోటికి వచ్చేసరికి ఆగిపోవాల్సిందే అన్నాడు.

12వ శతాబ్దంలో శ్రీహర్షుడు దీన్ని పట్టుకున్నాడు. శ్రీనాథుడు శృంగార నైషధంగా తెనిగించిన సంస్కృత కావ్యం ఈయనదే. కవి కాబట్టి వేళాకోళం కూడా కవిలాగే చేశాడు. నీ శ్లోకాన్నే కొన్ని అక్షరాలు మార్చి నీకే అప్పజెబుతాను అంటూ ఉదయనుడి మాటలనే తిప్పికొట్టాడు. శంకకూ పనికీ వైరుధ్యం ఉందంటున్నావు. వైరుధ్యం ఉండాలంటే రెండూ ఉండాలి. అంటే శంక ఉన్నట్టేగా? ఉన్నదాన్ని అదెలా ఆపుతుంది?

14వ శతాబ్దపు మిథిలలో గంగేశుడు అనే నైయాయికుడు దీనికి బదులిస్తూ మళ్లీ పొగ దగ్గరికే వచ్చాడు. పొగ కావాల్సినవాడు నిప్పు కోసమే వెళతాడు. ఆకలైనవాడు అన్నం కోసమే చూస్తాడు. ఎదుటివాడికి విషయం చెప్పాలనుకున్నవాడు మాటలే వాడతాడు. నిజంగా శంక ఉన్నవాడు తడబాటు లేకుండా ఇవన్నీ ఎలా చేస్తాడు? వాడు నోటితో శంకిస్తున్నాడు గానీ లోపల శంక లేదు. హ్యూమ్ కూడా తన సంశయాలు గదిలోంచి బయటికొచ్చి నాలుగు ఆటలు ఆడేసరికి ఎగిరిపోతాయని ఒప్పుకున్నాడు. ఆయన దాన్ని మనిషి స్వభావంగా చూసి వదిలేశాడు. గంగేశుడు దాన్నే వాదంగా మలిచాడు.

గంగేశుడు ఇక్కడ పూర్తిగా గెలిచాడని నేననుకోను. అనుమానిస్తున్నానన్నవాడు నిజంగా అనుమానించడం లేదని ఆయన చూపించాడు. ఎవరూ అనుమానించనంత మాత్రాన అది నిజమైపోదు. 1951లో చనిపోయిన తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ తన చివరి నోట్సులో, తలుపు తిరగడానికి ఉన్నట్టే, ఏ సందేహమైనా తిరగాలంటే కదలని బందులు కొన్ని ఉండాలని రాశాడు. అలా ఎవరూ సందేహించని విషయాలకు ఆయన పదే పదే ఇచ్చిన ఉదాహరణ, మనుషులెవరూ చంద్రుడి మీదికి వెళ్లలేదు, వెళ్లలేరు కూడా అన్నది. ఆ నోట్సు పుస్తకంగా అచ్చయింది 1969లో, మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన ఏడాదే. బందులు కూడా ఊడుతాయి. అన్నీ ఒక్కసారే ఊడటం మాత్రం ఎవరూ చూడలేదు.

ఈ వాదాల నుంచి నేను గట్టిగా పట్టుకునేది ఒకటుంది. నమ్మకానికి ఆధారం కావాలన్నట్టే సందేహానికీ ఆధారం కావాలి. న్యాయసూత్రాలు సందేహం ఎందుకు పుడుతుందో కారణాలు లెక్కపెట్టి మరీ చెబుతాయి. మునిమాపు వేళ దూరాన నిటారుగా ఏదో కనబడితే అది మోడో మనిషో అని సందేహం వస్తుంది, ఎందుకంటే రెండూ నిటారుగానే ఉంటాయి. కారణం లేకుండా "ఏమో, కాకపోవచ్చుగా" అనడం వాళ్ల లెక్కలో సందేహమే కాదు. టీకాల మీదో చంద్రయానం మీదో "నిజమని గ్యారంటీ ఏంటి" అనేవాళ్లను "నీ అనుమానానికి కారణం ఏంటి" అని తిరిగి అడిగే హక్కు మనకు ఇక్కణ్నుంచే వస్తుంది.

పుట్టినరోజునే తీసుకోండి. ఎవరికీ తన పుట్టిన తేదీ స్వయంగా తెలియదు, పెద్దలు చెబితే తెలుస్తుంది. దాన్ని అనుమానించడానికి మామూలుగా కారణం ఉండదు. కానీ ఒక తరం పెద్దవాళ్ల ఆధార్ కార్డులు చూడండి, ఎంతమందికి జూన్ 1, జూలై 1 అని ఉంటుందో. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు ఉజ్జాయింపుగా వేసిన తేదీలవి. ఇక్కడ సందేహానికి పక్కా కారణం ఉంది.

ఆ తేదీ మీదే ఒక్కోసారి జీవితాలు తేలుతాయి. కోర్టులు కూడా పూర్తి నిశ్చయం అడగవు. ఏది రుజువైనట్టు లెక్క అన్నదానికి 1872 నాటి సాక్ష్య చట్టం ఇచ్చిన నిర్వచనమే, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉంది. కోర్టు ఆ సంగతి ఉందని నమ్మాలి, లేదా వివేకం ఉన్న మనిషి ఆ పరిస్థితుల్లో అది నిజమేననుకుని నడుచుకునేంత సంభావ్యత అయినా కనబడాలి. గంగేశుడికి ఈ నిర్వచనం చూపిస్తే సంతోషించేవాడు. ఎంత సంభావ్యత కావాలన్నది మళ్లీ పోయేదేమిటో దాన్ని బట్టి మారుతుంది. ఆస్తి తగాదాలో ఎటువైపు మొగ్గు ఉంటే అటు తీర్పిస్తారు. క్రిమినల్ కేసులో సహేతుకమైన సందేహం మిగలకూడదు. సహేతుకమైన, అంటే మళ్లీ కారణం ఉన్న సందేహం.

నేరం జరిగిన నాటికి నిందితుడికి పద్ధెనిమిదేళ్లు నిండాయా అన్న ప్రశ్న వస్తే, 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం మొదట బడి సర్టిఫికెటో పదో తరగతి సర్టిఫికెటో చూస్తారు. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన పత్రం. ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్షలాంటి వైద్య పరీక్ష. అంటే అయ్యవారు ఉజ్జాయింపుగా వేసిన తేదీ డాక్టరు ఎక్స్‌రే కన్నా ముందు వరుసలో ఉంటుంది. చట్టం చేసినవాళ్లకు ఆ తేదీల సంగతి తెలియక కాదు. ఎముకల పరీక్షలోనూ ఏడాదో రెండేళ్లో అటూ ఇటూ అవుతుంది మరి. కానీ అదే చట్టంలో ఇంకో నిబంధన ఉంది. నేరం నాటికి నేను మైనర్‌ని అన్న వాదనను ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా లేవనెత్తవచ్చు, కేసు పూర్తిగా ముగిసిపోయాక కూడా.